ఊడ్వని వాకిలి

"చెల్లె, మనింటి మీద గీత పడ్డది," అన్నాడు అన్న ఫోనులో. అంతే. ఎవరు గీశారు, ఎంత లోపలికి గీశారు, ఎప్పటిలోగా ఖాళీ చెయ్యమన్నారు, ఏమీ చెప్పలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళ మీద గీతలు గీసి జీతం తీసుకున్నదాన్ని కాబట్టి నాకు విడమరిచి చెప్పనక్కర్లేదనుకున్నాడేమో. నిజమే, నేను టౌన్ ప్లానింగు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మహబూబాబాదులో ఒక రోడ్డు వెడల్పు నక్షా మీద నా సంతకం ఉంది. భూపాలపల్లిలో బొగ్గుగనులతో పాటు పుట్టుకొచ్చిన కాలనీలకు వీధులు గీసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎందరి గుమ్మాల ముందో నిలబడి "రోడ్డు కోసమేనమ్మా, మీ మంచికే" అని చెప్పాను. ఆ మాట తిరిగి తిరిగి మా గుమ్మం ముందుకే వచ్చేసరికి, దాచుకోవడమెందుకు, ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే జనగామ రైలెక్కాను.

బజారులో మా ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో బాణం గుర్తు వేసి ఉంది, పక్కన ఒక అంకె. కొట్టు, దాని వెనక పడసాల, దేవుడర్ర, అన్నీ ఆ బాణం మొన ఇవతలే, కూలగొట్టే వైపే ఉన్నాయి. మూడుకాళ్ళ యంత్రం పెట్టుకుని కొలుస్తున్న కుర్రాడు ఘనపూర్ వైపు వాడట, మర్యాదస్తుడు. దేన్ని పట్టుకుని కొలిచావు నాయనా అని అడిగితే కొట్టు మెట్టు దగ్గర వంగి, దుమ్ము తుడిచి, బండ మీద ఉలితో కొట్టిన పాత గాటు చూపించాడు. "గిదే మేడం, పాత నక్షాల గుర్తు. గీడికెల్లే కొల్వాలె," అన్నాడు. నేను అన్న వంక చూశాను. అన్న తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ గాటు అక్కడికి ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్ళం ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు పట్టణ ప్రణాళిక గురించి తొలి పాఠం చెప్పమని నన్ను ఇప్పటికీ పిలుస్తుంటారు. వేల ఏళ్ళ కిందటే సింధు నది ఒడ్డున వీధులను నిలువుగా, అడ్డంగా గీసి, మురుగు కాలువల మీద ఇటుకలు కప్పినవాళ్ళ దగ్గర మొదలుపెడతాను. ఒక కోట చుట్టూ ఇంకో కోట కట్టుకున్న ఓరుగల్లు గురించి చెప్తాను. కలరాతో జనం పిట్టల్లా రాలిపోయాక గానీ లండను దొరలకు మోరీల మీద బుద్ధి పుట్టలేదనీ, మూసీ వరద వచ్చి పోయాక గానీ హైదరాబాదు ఇరుకు బస్తీల్లోకి గాలి, వెలుతురు రాలేదనీ చెప్తాను. ఎక్కడ నేర్చుకున్నారు మేడం అంటే కాలేజీ పేరు చెప్పి ఊరుకుంటాను. నిజానికి ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదవకముందే మా ఇంటి అరుగు మీద కూర్చుని విన్నాను. చెప్పింది మా మేడ మీది గదిలో అద్దెకున్న కోస్తా మనిషి. గుంటూరు దగ్గర ఏదో ఊరు ఆయనది. మునిసిపాలిటీలో నక్షాలు గీసే ఉద్యోగం కాబట్టి మేమంతా ఆయన్ని ప్లాన్ సారు అనేవాళ్ళం.

మాది హోల్‌సేల్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. బెల్లం దిమ్మలు, పల్లినూనె డబ్బాలు, ఉప్పు బస్తాలు, గోనెసంచుల వాసన. ఆ వాసన మా బట్టలకు, మా పుస్తకాలకు, చివరికి మేం తినే అన్నానికి కూడా పట్టేది. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్ల నన్ను బెల్లం అని పిలిచేది. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, పొద్దున్నే తలకు రుమాలు చుట్టి కొట్టు తెరిచేవాడు, ఆయన నోట మాట రావాలంటే గిరాకీ రావాలి. అమ్మది మానుకోట. ఇప్పుడు మహబూబాబాదు అంటున్నారు గానీ అమ్మ బతికున్నన్నాళ్ళూ అది మానుకోటే. తెల్లవారక ముందే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో సాన్పి చల్లి, ముగ్గు వేసేది. చీపురు చప్పుడు, ఆ వెనకే బకెట్లోంచి నీళ్ళు నేల మీద చెళ్ళున పడే చప్పుడు, అవే నాకు గడియారం. నిన్నటి ముగ్గు ఇవ్వాళ వాకిట్లో కనిపిస్తే అమ్మకు చెయ్యి ఊరుకునేది కాదు, పాసి వాకిలి అనేది. వాకిలి ఊడ్వకుండా, సాన్పి చల్లకుండా ఉంచేది ఒక్కనాడే, ఇంట్లో శవం ఉన్నప్పుడు. పొద్దెక్కాక కూడా ఎవరి వాకిలైనా పొడిగా కనిపిస్తే దారిన పోయేవాళ్ళు చెప్పులు విడిచి, ఎవరు అని మెల్లగా అడిగేవాళ్ళు.

ప్లాన్ సారు మా ఇంట్లో దిగిన కొత్తలో ఒకరోజు కిందికి వచ్చి బాపు ఉన్నారా అని అడిగాడు. అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "ఆయన పొద్దుగాలనే పోయిండు" అంది. బాపు రఘునాథపల్లి అంగడికి వెళ్ళాడు, అంతే సంగతి. సారు ముఖం మాత్రం పాలిపోయింది. చెప్పులు విడిచేసి, చేతులు కట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. విషయం అర్థమయ్యాక అమ్మ చాట పక్కన పడేసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మావైపు మనుషులు వెళ్తారు అక్కయ్యగారూ, పోరు" అన్నాడాయన సిగ్గుపడుతూ. "మా దిక్కు పోతరు సారు, పోయి మల్ల వస్తరు" అంది అమ్మ. ఆ రోజు నుంచి ఆయన మా ఇంటి మనిషైపోయాడు. సాయంత్రాలు అరుగు మీద నక్షా పరిచి, ఇళ్ళు పసుపు, దుకాణాలు నీలం, తోటలు ఆకుపచ్చ అని నాకు రంగులు నేర్పేవాడు. మా ఇల్లు నీలం రంగులో ఉందని అమ్మ చాలా రోజులు నొచ్చుకుంది. ఇంట్ల మనుషులం లేమా, ఉప్పు బస్తాలేనా అని సారును నిలదీసింది. ఆయన నక్షా చుట్టేశాడు; ఉద్యోగమంతా నేనూ అట్లాంటి ఇళ్ళకు నీలమే వేశాను.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీలు మూతబడ్డాయి, నా చదువూ ఇంట్లోనే ఆగింది. మా అన్న రాజేశం అప్పటికి డిగ్రీ చదువుతున్నాడు, ఇంట్లో కంటే ఊరేగింపుల్లోనే ఎక్కువ ఉండేవాడు. వాడి స్నేహితుడు యాదగిరి నక్షాల పని నేర్చుకుని, సర్టిఫికెట్టు పట్టుకుని, ఉద్యోగం లేక తిరుగుతున్నాడు. ఆ ఉద్యోగంలో మా మేడ మీది మనిషి ఉన్నాడు. అన్న కోపంలో అన్యాయమేమీ లేదు, ఆ మాట అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. కానీ అన్న, సారు ఒకే పడసాలలో ఎదురెదురుగా కూర్చుని అన్నం తినేవాళ్ళు. అన్న నీళ్ళ చెంబు సారు వైపు జరిపేవాడు, ముఖం మాత్రం చూసేవాడు కాదు.

అట్లాంటి రోజుల్లో బజారు రోడ్డు వెడల్పు పని సారు నెత్తిన పడింది. నిప్పు అంటుకుంటే ఈ సందులోకి ఫైరింజను రాదు, ధాన్యం బండి అడ్డం తిరిగితే దవాఖానకు పోయే బండి ఆగిపోతుంది అని ఆయన చెప్పింది అబద్ధం కాదు. ప్లాను మీద అభ్యంతరాలు చెప్పుకోవచ్చని ఆఫీసు గోడకు నోటీసు అంటించారట. ఇంగ్లీషులో ఉంది, బజారులో ఒక్కరూ చదవలేదు. ఒక సాయంత్రం సారు, కొలతల గొలుసు పట్టే జవాన్లు కలిసి రోడ్డు పొడుగునా ప్రతి ఇంటి అరుగు మీదుగా సున్నప్పొడితో గీత పోశారు. తెల్లారి రాళ్ళు పాతే మేస్త్రీలు వచ్చి చూస్తే గీత లేదు. ఎవరూ పనిగట్టుకుని చెరపలేదు. ఆడవాళ్ళు ఎప్పటిలాగే లేచారు, ఊడ్చారు, సాన్పి చల్లారు, సారు గీత ఉన్నచోట పద్మాలు, చుక్కలు వేసుకున్నారు. సారు మళ్ళీ గీయించాడు. మళ్ళీ తెల్లారింది. అమ్మ కూడా ఊడ్చేసింది. అడిగితే, పాసి గీత వాకిట్ల ఎట్ల ఉంచుకుంటం సారు అంది. ఆయనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ నవ్వు ఎక్కువ రోజులు ఉండలేదు. జనగామ ఆడవాళ్ళు ఆంధ్రావాళ్ళ గీత చెరిపేశారని కుర్రాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. అటు సారు పైఅధికారి, ఆయనా కోస్తా వాడే, ఇది కావాలని చేసిన పని, నువ్వు ఇంటివాళ్ళతో కుమ్మక్కయ్యావు అని సారును నలుగురిలో దులిపేశాడు. మా మాటను వెక్కిరిస్తూ గిది గీత, గది ముగ్గు అన్నాడట. మూడోసారి పోలీసులను నిలబెట్టి గీత పోయించాడు. పొద్దున్నే తనే వచ్చి రాళ్ళు పాతిస్తానన్నాడు. అదే రోజు మధ్యాహ్నం రైలు స్టేషను దగ్గర ఊరేగింపు పిల్లల మీద లాఠీలు విరిగాయి. యాదగిరి తల పగిలింది. సాయంత్రానికి బజారులో కొట్లన్నీ మూసేశారు, సందు మొదట్లో కుర్రాళ్ళు గుంపులుగా కూర్చున్నారు, వచ్చే పోయే ప్రతి మనిషినీ ఎగాదిగా చూస్తున్నారు.

దీపాలు పెట్టే వేళకు అన్న వచ్చాడు. చొక్కా మీద రక్తం ఉంది, వాడిది కాదు. వంటింటి గడప మీద కూర్చుని, అమ్మ వైపు చూడకుండా చెప్పాడు.

"రేపు తెల్లారంగనే వస్తరు. సారును బయటికి గుంజుతరు. నేను గూడ వాళ్ళతోనే ఉంటనే అమ్మా, తప్పించుకోలేను."

"నువ్వు చెప్పలేవారా వాళ్ళకు?"

"యాదగిరి తల పగిలినంక నేనేం చెప్తనే?"

అన్న బయటికి వెళ్ళిపోయాడు. బాపు పెరటి తలుపు తీసి బండి వంక చూశాడు. తర్వాత, పొద్దున తవుడు బస్తాల బండి రఘునాథపల్లికి పోవాల్సిందే గదా అన్నాడు. అక్కడ ప్యాసింజరు ఆగుతుంది. మానుకోటలో మేనమామ ఉన్నాడు, అక్కడి నుంచి గుంటూరు వైపు రైలెక్కిస్తాడు. అయితే బండి పెరటి సందులోంచి తిరిగి రైలుగేటు దాటేదాకా ఎవరూ ఇటు రాకూడదు. పిల్లలు వస్తే తిన్నగా ఇంట్లోకే వస్తారు, లోపల లేడని తెలిసిన క్షణంలో గేటు దగ్గరికి పరిగెడతారు. వాళ్ళను వాకిట్లో ఆపేదెట్లా అన్నది ఎవరికీ తోచలేదు. సారు మేడ మీంచి దిగి, నేనే బయటికి వెళ్తానండి, మీ ఇంటి మీదికి తేను అన్నాడు. అమ్మ ఆయన కంచంలో అన్నం పెట్టి, ముందు తినుండ్రి అంది.

నాకు ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి కిటికీలో తెల్లగా వెలుగు వచ్చేసింది. చీపురు చప్పుడు లేదు. నీళ్ళ చప్పుడు లేదు. ఒక్క క్షణం చెవుడు వచ్చిందేమో అనుకున్నాను. లేచి వాకిట్లోకి చూస్తే నేల పొడిగా, నిన్నటి చెత్తతో, నిన్నటి ముగ్గుతో అట్లాగే ఉంది. అరుగు మీద సున్నపు గీత కూడా అట్లాగే ఉంది. బాపు మంచం దగ్గరికి పరిగెత్తాను, మంచం ఖాళీ. పెరట్లోకి వెళ్ళి చూస్తే బాపు ఎడ్లను కడుతున్నాడు. పక్కన సారు, బాపు ధోతి కట్టి, బాపు రుమాలు నెత్తికి చుట్టుకుని ఉన్నాడు. బాపు చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కానో, ఆయన ఉలిక్కిపడ్డాడు.

తెల్లవారినా చీపురు చప్పుడు లేకపోవడంతో సారుకు అప్పుడే సంగతి అర్థమైంది. ఆయన వైపు కూడా పొడి వాకిలికి అదే అర్థం. "అక్కయ్యగారూ, వద్దండి. పసుపు కుంకుమలతో ఉన్న మనిషి, నా కోసం ఈ అపశకునం పెట్టుకోవద్దు" అని చేతులు జోడించాడు. అమ్మ ముఖం చూస్తే నాకే భయమేసింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బాపు ఆరోగ్యం కోసం శనివారాలు ఉపవాసం ఉండే మనిషి. చీపురు తగిలితే తప్పు, తుమ్మితే తప్పు అనే మనిషి. "మనింట్ల తిన్న మనిషిని మన వాకిట్ల కొడితే ఆ మరక ఎన్ని సాన్పులు చల్లితె పోతది? నడువుండ్రి సారు," అంది. బండి కదిలింది. అమ్మ నా జడ విప్పేసి, తన కొప్పు కూడా విప్పేసి, నన్ను గడప లోపల కూర్చోబెట్టి తను గడప మీద కూర్చుంది. నోరు తెరిచావంటే చూడు అంది.

వాళ్ళు వచ్చారు. చేతుల్లో కర్రలు, ముఖాలు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. తలకు కట్టుతో యాదగిరి ముందున్నాడు, రెండు వరసల వెనక అన్న. బజారంతా అప్పటికే ఊడ్చేసుకున్నారు. ఆ పూట మాత్రం ఆడవాళ్ళు తెలిసే గీత చెరిపారు. తడి వాకిళ్ళ మధ్య మాదొక్కటే పొడిగా ఉంది. గుంపు అరుగు ముందుకు వచ్చి, నేలను చూసి ఆగిపోయింది. వెనకవాళ్ళ కేకలు కూడా ఒక్కొక్కటే తగ్గాయి. యాదగిరి కర్ర కిందికి దించాడు.

"ఎవరు అమ్మా?"

అమ్మ వాడి కళ్ళలోకి చూసింది. "మనిషి పోతుండు కొడుకా. జర నిమ్మలంగ పోనియ్యుండ్రి."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. యాదగిరి చెప్పులు విడిచాడు. ఒక్కొక్కరే విడిచారు. నేను అన్న ముఖమే చూస్తున్నాను. వాడి కళ్ళు గడప పక్కన బాపు చెప్పులుండే చోటికి వెళ్ళాయి. చెప్పులు అక్కడే ఉన్నాయి, బాపు మాత్రం కనిపించలేదు. బాపు అని పెదవులు కదిలాయి. మోకాళ్ళ మీద రోడ్డులోనే కూలబడ్డాడు. లేచి వాడి దగ్గరికి పరిగెత్తి బాపు బాగున్నాడన్నా అని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. అమ్మ చెయ్యి వెనక్కి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. కన్నకొడుకు ఎదురుగా అట్లా కూలబడినా అమ్మ కదల్లేదు. రైలుగేటు వైపు నుంచి బండి గంటలు వినిపించి, వినిపించి, ఆగిపోయేదాకా ఆ పట్టు వదల్లేదు.

కొంతసేపటికి పిల్లలు మెల్లగా వెళ్ళిపోయారు, శవం ఉన్న ఇంటి ముందు నినాదాలేమిటని. అన్న లోపలికి వచ్చి గదులన్నీ వెతికి, సంగతి తెలుసుకుని, బావి గట్టు మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. సాయంత్రం బాపు ఖాళీ బండితో తిరిగివచ్చి, "ఏందిరా, నన్ను అప్పుడే సాగనంపితివా?" అని నవ్వబోయాడు. అన్న నవ్వలేదు. చాలా రోజులు అమ్మ చేతి అన్నం తినలేదు. బాపు ప్రాణాలతో కనిపించాక బజారుకు కూడా అర్థమైంది. మొగుడు బతికుండగా వాకిలి పాసి పెట్టిన మనిషి అని ఆడవాళ్ళు అమ్మను బావి దగ్గర మొహం మీదే అన్నారు. యాదగిరి ఒక్కడే ఏమీ అనలేదు, మా కొట్టు ముందు నుంచి వెళ్ళడం మానేశాడు. బాపు దగ్గితే చాలు అమ్మ వంట వదిలి పరిగెత్తుకొచ్చేది. ఆ భయం ఆమెకు బాపు ముసలివాడయ్యేదాకా పోలేదు.

అసలు దెబ్బ ఆ రోజే, పిల్లలు వెళ్ళాక తగిలింది. పైఅధికారి పోలీసులతో వచ్చాడు. బజారంతా గీత చెరిగిపోయింది, మా అరుగు మీద మాత్రం తెల్లగా నిలిచి ఉంది. మా అసిస్టెంటు ఏడి అని అడిగితే అమ్మ ముక్తసరిగా, "పోయిండు సారు" అంది. ఆయన బిత్తరపోయి టోపీ తీశాడు. ఊరికి పోయాడండి అని నేను చెప్పాల్సి వచ్చింది. ఆ కోపంలో ఆయన మేస్త్రీని పిలిచి, ఊడిస్తే పోకుండా మా అరుగు బండ మీదే ఉలితో గాటు పెట్టించాడు. ఆ గాటు నుంచే రోడ్డంతటికీ సూటి పట్టారు. ఉద్యమం చల్లబడ్డాక మా అరుగు పోయింది, కొట్టులో సగం పోయింది. గాటున్న బండను తీసి కొత్త హద్దు మీద గుర్తుగా పాతారు, మిగిలిన కొట్టుకు అదే మెట్టయింది. మీ వల్లనే అని బజారంతా మమ్మల్నే తిట్టింది. కూలిన గోడ ముందు నిలబడి బాపు, గాలి మంచిగస్తున్నది అన్నాడు. సారును మేం మళ్ళీ చూడలేదు. మానుకోటలో మేనమామ రైలెక్కించాడని మాత్రం తెలిసింది. గదిలో వదిలేసిన ఆయన చెక్క స్కేలుతో అమ్మ చాలా ఏళ్ళు వడియాల బట్ట సాపు చేసింది, తర్వాత నేను దాన్ని కాలేజీకి తీసుకుపోయాను.

రాష్ట్రం వచ్చింది. దాని కోసం దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లు చెప్పుకుంటే నాకు ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి. ఇప్పుడు గీత గీసేవాడు మన పిల్లవాడే, మన మాటే మాట్లాడతాడు. మంచిదే. ఆఫీసు గోడ మీది నోటీసు కూడా తెలుగులోనే ఉంది, బజారులో మాత్రం ఇప్పటికీ ఎవరూ చదవలేదు. అన్న కూడా చదవలేదు, చదివినా గడువు దాటిపోయింది. సున్నప్పొడి రోజుల్లో గీత నేల మీదికి దిగి వచ్చేది, చీపురుతో జవాబు చెప్పడానికి ఆడవాళ్ళకు ఒక పూటైనా దొరికేది. ఈ ఎర్ర రంగుకు ఏ సాన్పీ అంటదు. నాకు తెలిసినవాళ్ళు పైన ఇంకా ఉన్నారు, ఒక మాట చెప్పి చూడమంటావా అని అన్నను అడిగాను. రోడ్డు నిజంగా ఇరుకైంది చెల్లె, నీకు తెల్వదా అన్నాడు. నాకు తెలుసు. ఆ నక్షా నా ముందుకు వచ్చి ఉంటే నేనూ సంతకం పెట్టి ఉండేదాన్ని.

కూల్చే రోజు నేను అక్కడే ఉన్నాను. సామాను ముందురోజే తీసేశాం. తెల్లవారుతుండగా అన్న కోడలు బకెట్టు పట్టుకుని గడపలో నిలబడింది. పొద్దెక్కేసరికి మిషను వస్తుంది గదా, ఇంకా సాన్పి చల్లాలా వద్దా అని ఆ పిల్లకు తెలియలేదు. నా వంక చూసింది. నేను అన్న వంక చూశాను. అన్న ఆ రోజు తను కూలబడిన చోటే, రోడ్డు పక్కన, కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పొడి నేలను చాలాసేపు చూశాడు.

"చల్లు బిడ్డా," అన్నాడు. "మనింట్ల ఎవరూ పోతలేరు."